కొత్త జాతిలో మొదటి జీవికి జత ఎలా దొరుకుతుంది?

ప్రశ్న:
తమలో తాము జత కట్టి, మళ్లీ పిల్లల్ని కనగలిగే సంతతిని ఇచ్చే జీవుల సముదాయాన్ని ఒక జాతి అంటారని చదివాను. అలాంటప్పుడు ఒక జీవి మొట్టమొదట కొత్త జాతికి చెందినదై పుడితే, దానితో జత కట్టగల మరో జీవి ఎక్కడా ఉండదు కదా? ఆ జాతి ఒక్క తరంతోనే అంతరించిపోకుండా ఎలా నిలుస్తుంది? దయచేసి వివరించగలరు.

సమాధానం 1:
చాలా సందర్భాల్లో అలాంటి ‘మొదటి జీవి’ అంటూ ఉండదండి. ప్రతి పిల్లా తన తల్లిదండ్రుల జాతికే చెందుతుంది. మార్పు మొత్తం సమూహంలో, తరతరాలుగా పేరుకుంటుంది. ఉత్తర, దక్షిణ అమెరికాలను కలిపే సన్నని నేలపట్టీ అయిన పనామా భూసంధి సుమారు 30 లక్షల ఏళ్ల క్రితం పూర్తిగా ఏర్పడి పసిఫిక్ మహాసముద్రాన్ని కరీబియన్ సముద్రం నుంచి వేరు చేసినప్పుడు, అంతకుముందు ఒకే నీటిలో కలిసి బతికిన ఆల్ఫియస్ ప్రజాతి రొయ్యలు రెండు పక్కలా చీలిపోయాయి. ఏ పక్కనా ఏ తరానికీ జతల కొరత రాలేదు. అయితే ఒక పక్క తలెత్తిన ఉత్పరివర్తనాలు రెండో పక్కకు చేరే దారి మూసుకుపోవడంతో, ప్రతి కొత్త జన్యుమార్పూ తన పక్కనున్న జన్యువులతో పొసిగితే చాలు, అవతలి పక్క జన్యువులతో పొసగవలసిన అవసరమే లేకపోయింది. జీవశాస్త్రవేత్త నాన్సీ నౌల్టన్, ఆమె సహచరులు రెండు తీరాల రొయ్యలను ప్రయోగశాలలో ఒకచోట ఉంచి 1993లో ప్రకటించిన ఫలితాలు నాకు ఎంతో విలువైనవిగా తోస్తాయి: అవి ఒకదానినొకటి సహించలేకపోయాయి, ఫలదీకరణ చెందిన గుడ్లు చాలా అరుదుగా వచ్చాయి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మరి అవి ఏ తరంలో రెండు జాతులయ్యాయో చెప్పడం సాధ్యమేనా?

సమాధానం 2:
సాధ్యం కాదు. కాలిఫోర్నియా మధ్య లోయను చుట్టి వ్యాపించిన ఎన్సటీనా సాలమాండర్లను (బల్లిలా కనిపించే ఉభయచరాలను) చూడండి. పక్కపక్కన ఉండే సమూహాలు చాలా చోట్ల తమలో తాము జత కడతాయి, కానీ దక్షిణాన వలయం రెండు కొసలూ ఎదురుపడిన చోట సంకరం అరుదు. నడుమ ఎక్కడ గీత గీసినా అది మన సౌకర్యం కోసం గీసినదే అవుతుంది; తరాల నడుమ గీసే గీతా అంతే.

సమాధానం 3:
పై సమాధానాలతో ఏకీభవిస్తూనే, మొక్కల విషయంలో మీ సందేహం పూర్తిగా సబబైనదని చెప్పాలి. ఐరోపా నుంచి అమెరికాకు చేరిన ట్రాగోపోగాన్ జాతులకు ఒక్కొక్కదానికి 12 క్రోమోజోములు ఉంటాయి. వాటి సంకరంలో క్రోమోజోములు రెట్టింపై 24 క్రోమోజోముల మొక్కలు ఏర్పడగా, వాటిని వృక్షశాస్త్రవేత్త మేరియన్ ఓన్‌బే 1950లో రెండు కొత్త జాతులుగా వర్ణించారు. అలాంటి మొక్క తల్లి జాతితో కలిస్తే పుట్టే సంతతి సాధారణంగా వంధ్యమవుతుంది. అయినా అది తన పుప్పొడితో తానే విత్తనం కట్టగలదు కాబట్టి జత దొరకకపోయినా వంశం సాగింది. పైగా ఈ కొత్త జాతులు వేర్వేరు చోట్ల విడివిడిగా అనేకసార్లు పుట్టినట్టు జన్యు పరిశీలనల్లో తేలింది.