ఫ్రెంచి వాక్యంలో ఊనిక ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: "ఇల్ అరీవ్ అవెక్ యూన్ అమీ" (అతను ఒక స్నేహితురాలితో వస్తున్నాడు). మాటమాటకీ ఆగి, ప్రతి మాట మొదట్లో ఒత్తి పలికితే తప్పంటున్నారు. అక్షరాలు ఎలా విడగొట్టాలి?

జవాబు: మాటల మధ్య ఖాళీ కంటికే గానీ చెవికి లేదు. హల్లుతో ముగిసిన మాట పక్కన అచ్చుతో మొదలయ్యే మాట వస్తే, ఆ హల్లు వెళ్ళి అచ్చుని పట్టుకుంటుంది. మన "మీరు అంటే" "మీరంటే" అయినట్టే. అందుకని ఇ–ల–రి–వ–వె–క్యు–న–మీ, మొత్తం ఎనిమిది. ఒక్కటీ హల్లుతో ముగియలేదు చూడండి. "క్యు"లో యకారం వినపడకూడదు; "ఇ" అంటూనే పెదవులు "ఉ"కి చుట్టినట్టు చుట్టండి. ఒకే ఊపున చదివితే ఊనిక చివరి "మీ" మీదే. గట్టిగా అనడం కాదు, కాస్త సాగదీయడం. ముందున్న ఏడూ సమానంగా నడవాలి.

ప్రశ్న: మాట లోపల జంట హల్లులుంటే?

జవాబు: మధ్యకి విరుగుతాయి: పర్–తీర్ (బయల్దేరడం). కానీ ప, త, క, బ లాంటివాటి తర్వాత ర, ల వస్తే విడదీయకండి: ప–త్రీ (మాతృభూమి). ఛందస్సు తెలిసినవాళ్ళు పొరబడేది ఇక్కడే. మన "పత్రి"లో ప గురువు. ఫ్రెంచిలో త్ వెనక్కి ఒరగదు, ప తేలిగ్గానే ఉంటుంది.

మరొకరు: ఊనిక మాటకి అంటిపెట్టుకుని ఉండదని కూడా చెప్పాలి. "రెస్టోరాఁ" అని ఆపేస్తే రాఁ సాగుతుంది (అరసున్న ఇక్కడ చక్కగా అక్కరకొస్తుంది, ముక్కుతో పలికే అచ్చు అది). "రెస్టోరాఁ షినువా" (చైనా వంటల హోటలు) అనగానే రాఁ పొట్టిదైపోయి, సాగడం చివరికి పోతుంది. షి–నువా రెండే అక్షరాలు. "నువా" ఒక్క ఊపులో రావాలి.

మనవాళ్ళ అసలు చిక్కు చివరి ఉకారం. "పొమ్" (ఆపిల్ పండు) రాతలో రెండు మకారాలుంటాయి గానీ పలుకులో ద్విత్వం లేదు. "పొమ్ము" అన్నారంటే ఒక్క అక్షరం రెండవుతుంది, ఊనిక వెళ్ళి, అసలు ఫ్రెంచిలో లేనే లేని అచ్చు మీద పడుతుంది. మకారం దగ్గర పెదవులు మూసి అక్కడే ఆపండి.

ప్రశ్న: మరి పద్యంలో?

జవాబు: లెక్క మారుతుంది. "పెతీత్ ఫీయ్" (చిన్న పిల్ల) మామూలు మాటల్లో మూడే: పె–తీత్–ఫీయ్. పద్యంలో హల్లుకి ముందున్న మూగ ఎకారాన్ని (రాతలో ఉండి, మామూలు మాటల్లో పలకనిది) కూడా లెక్కిస్తారు: పె–తి–తె–ఫీయ్, నాలుగు. అచ్చుకి ముందైతే అది లోపిస్తుంది, పాదాంతంలో లెక్కకి రాదు. అలెగ్జాండ్రీన్ అనే 12 అక్షరాల ఫ్రెంచి పద్యపాదంలో ఆరింటి దగ్గర విరుపు తప్పిందనిపిస్తే, ముందు ఈ ఎకారాల్ని లెక్కపెట్టి చూడండి.