గోల్స్ పడుతున్నది కోచ్ వల్లా, డిఫెండర్ల వల్లా? ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ఒక అమెచ్యూర్ ఫుట్‌బాల్ టీమ్‌లో ఆడేవాణ్ని, మోకాలికి దెబ్బ తగిలాక ఆట మానేసి ఇప్పుడు టీమ్ వ్యవహారాలు చూసుకుంటున్నాను. ఈ సీజన్‌లో మాకు గోల్ కొట్టడం సమస్య కాదు, ప్రతి మ్యాచ్‌లో ఒకటో రెండో కొడుతున్నాం, కానీ అటు నుంచి మూడు పడుతున్నాయి. పోయిన వారం 2-0తో ముందుండి కూడా 2-3తో ఓడిపోయాం. మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో కుర్రాళ్లు, "సార్ లైన్ పైకి రమ్మని అరుస్తారే గానీ ఎప్పుడు రావాలో ఎప్పుడూ చెప్పలేదు" అన్నారు. లైన్ అంటే వెనక నలుగురు డిఫెండర్లు నిలబడే వరస. కోచ్ సార్ నన్ను పక్కకు పిలిచి, "ఈ సెంటర్ బ్యాక్‌లతో (వెనక మధ్యలో ఆడే ఇద్దరు డిఫెండర్లతో) ఎవరొచ్చినా ఇంతే" అన్నారు. ఇద్దరి మాటా నిజమే అనిపిస్తోంది నాకు. కోచ్‌ని మార్చాలా, కొత్త డిఫెండర్లని వెతకాలా అనేది ఈ నెలలో తేల్చాలి, రెండూ చేసే స్తోమత మాకు లేదు. గణాంకాలు ఏమీ రాసుకోలేదు, ఫోన్‌తో తీసిన మ్యాచ్ వీడియోలు మాత్రం ఉన్నాయి. ఇలాంటిది దగ్గర నుంచి చూసినవాళ్లు ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:

నన్నడిగితే ఆటగాళ్లే బ్రో. లివర్‌పూల్‌నే తీసుకోండి. 2016-17లో కోచ్ క్లాప్ కిందే లీగ్‌లో 42 గోల్స్ పడ్డాయి. 2017 అక్టోబర్‌లో టాటెన్‌హామ్ చేతిలో 4-1తో ఓడిన మ్యాచ్‌లో డిఫెండర్ లోవ్రెన్‌ని అరగంటకే బయటికి లాగేశారు. తర్వాత 2018 జనవరిలో 7.5 కోట్ల పౌండ్లు పెట్టి సెంటర్ బ్యాక్ వాన్ డైక్‌ని తెచ్చారు, ఆ వేసవిలో గోల్‌కీపర్ ఆలిసన్ వచ్చాడు, 2018-19లో పడినవి 22 మాత్రమే. కోచ్ మారలేదు కదా. మంచి సెంటర్ బ్యాక్ ఒక్కడు దొరికినా పక్కవాళ్లకి ధైర్యం వస్తుంది.

జవాబు 2:

దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ కూడా ఉందండీ. చెల్సీ 2021 జనవరిలో కోచ్ లాంపార్డ్‌ని తీసేసి టుకెల్‌ని తెచ్చింది. ఒక్క డిఫెండర్‌ని కూడా కొత్తగా కొనలేదు. ఉన్నవాళ్లతోనే వెనక ముగ్గురు సెంటర్ బ్యాక్‌లని పెట్టారు, పక్కన కూర్చున్న డిఫెండర్ రూడిగర్ మళ్లీ టీమ్‌లోకి వచ్చాడు, టుకెల్ మొదటి 14 మ్యాచ్‌ల్లో పడినవి రెండే గోల్స్. మేలో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి చాంపియన్స్ లీగ్ కప్పే ఎత్తారు. కాబట్టి ముందు కోచ్ వైపు చూడండి.

జవాబు 3:

నేను పన్నెండేళ్లు సెంటర్ బ్యాక్‌గా ఆడాను, ఇప్పుడు కుర్రాళ్లకి కోచింగ్ ఇస్తున్నాను. పైన ఇద్దరూ చెప్పింది నిజమే, కానీ మీరు ఈ నెలలో నిర్ణయం తీసుకోవాలంటే లివర్‌పూల్, చెల్సీల వల్ల ఉపయోగం లేదు, మీ దగ్గరున్న వీడియోలే చూడాలి. అయితే చూసే పద్ధతి మార్చండి.

అందరూ గోల్ పడిన క్షణం నుంచి వెనక్కి రెండు సెకన్లు చూస్తారు. అక్కడ ఎప్పుడూ ఒక డిఫెండర్ కింద పడిపోయి ఉంటాడు, లేదా స్ట్రైకర్ వెనక పరిగెడుతుంటాడు, తప్పు వాడిదే అనిపిస్తుంది. మీరు పదిహేను సెకన్లు వెనక్కి వెళ్లండి. బాల్ మన దగ్గర నుంచి ఎక్కడ పోయింది, పోయిన వెంటనే దాని మీదికి ఎవరు వెళ్లారు, ఆఖరి పాస్ ఇచ్చినవాడి మీద ఒత్తిడి ఉందా లేదా, మన నలుగురి లైన్ ఎక్కడ ఉంది, ఆ తర్వాతే చివరి తప్పు ఎవరిది అనేది రాయండి. ప్రతి గోల్‌కీ ఒక కాగితం.

అన్నీ రాశాక ఒక దగ్గర పెట్టి చూడండి. మనుషులు మారుతున్నా గోల్ అదే ఖాళీలోంచి పడుతోందంటే అది నేర్పని విషయం, లేదా తప్పుగా నేర్పిన విషయం. కార్నర్‌లోనూ, గాల్లో బాల్‌కీ, ఒకరికొకరు ఎదురుపడినప్పుడూ ఒకే కుర్రాడు దెబ్బ తింటున్నాడంటే ఆ కుర్రాడి స్థాయి గురించి మాట్లాడుకోవాలి.

"లైన్ పైకి రమ్మంటారు, ఎప్పుడో చెప్పరు" అని మీ కుర్రాళ్లు అన్నారు చూడండి, నేను దాని దగ్గర ఆగిపోయాను. లైన్ ఎప్పుడు కదలాలో చూపించేది బాల్ ఉన్నవాడి తలకాయ. వాడు తల ఎత్తి ముందుకి చూస్తున్నాడు, మీదికి ఎవరూ రావడం లేదు అంటే వాడు వెనక ఖాళీలోకి లాంగ్ బాల్ వేస్తాడు, లైన్ అప్పుడే కిందికి జారాలి, వాడు కాలు ఎత్తాక జారితే లాభం లేదు. వాడు వెనక్కి తిరిగాడు, లేదా బాల్ ఆపుకోవడానికి తల దించాడు, అప్పుడు నలుగురూ కలిసి రెండు మూడు అడుగులు పైకి రావాలి. ముగ్గురు వచ్చి ఒకడు ఉండిపోతే ఆఫ్‌సైడ్ పోయినట్టే, అవతలి స్ట్రైకర్ ఆ ముగ్గురి వెనక ఉన్నా ఆట సాగిపోతుంది. ఇది పుట్టుకతో వచ్చే టాలెంట్ కాదు, వారాల తరబడి చేయిస్తేనే వస్తుంది. ఆర్సెనల్ కోచ్ జార్జ్ గ్రాహమ్ వెనక నలుగురు డిఫెండర్లకి ఒక తాడు పట్టించి కలిసి కదలడం ప్రాక్టీస్ చేయించారని ఆ ఆటగాళ్లే చెప్పుకున్నారు. 1990-91లో ఆ టీమ్‌కి 38 లీగ్ మ్యాచ్‌ల్లో 18 గోల్సే పడ్డాయి.

మూడో సంగతి కూడా ఉంది, నేను స్వయంగా అనుభవించాను. నేను నెమ్మదిగా పరిగెత్తేవాణ్ని, నా జోడీ కూడా అంతే. అప్పటి కోచ్‌కి హై లైన్ అంటే ప్రాణం. సగం గీత దగ్గర మమ్మల్ని నిలబెట్టేవాడు, వెనక నలభై గజాలు ఖాళీ, ప్రతి మ్యాచ్‌లో ఎవడో ఒకడు ఆ ఖాళీలోకి దూరిపోయేవాడు, తిట్లు మాకు. రెండు సీజన్లు నాకు ఫుట్‌బాల్ రాదనే నమ్మాను. కొత్తగా వచ్చినాయన మమ్మల్ని పది గజాలు కిందికి దించి, ఒక మిడ్‌ఫీల్డర్‌ని మా ముందు నుంచి కదలొద్దన్నాడు. మేమిద్దరమే, అవే కాళ్లు. సీజన్ చివరికి మా మీద కంప్లయింట్ చేసినవాడు లేడు. పాత కోచ్‌కి ఆట తెలియదని నేను అనను, మా చేత కానిది మాతో చేయించాలని చూశాడు, అంతే.

లీడ్స్ కూడా అంతే. కోచ్ బియెల్సా గ్రౌండ్ అంతా మనిషికి మనిషి మార్కింగ్ చేయించేవారు, 2020-21లో దాంతోనే తొమ్మిదో స్థానంలో నిలిచారు. మరుసటి సీజన్‌లో ఫిలిప్స్, కూపర్ లాంటివాళ్లు గాయాలతో దూరమయ్యారు, ఆట తీరు మాత్రం మార్చలేదు, 2022 ఫిబ్రవరి ఒక్క నెలలో లీగ్‌లో 20 గోల్స్ పడ్డాయి. అది కోచింగా, టాలెంటా అంటే విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

జవాబు 4:

గోల్‌కీపర్‌ని నేను. రెండే మాటలు. ఒకటి, పడిన గోల్స్‌తో పాటు మీ మీదికి వచ్చిన మంచి చాన్స్‌లు కూడా లెక్కపెట్టండి. చాన్స్‌లు తక్కువే ఉండి గోల్స్ ఎక్కువ పడుతుంటే సమస్య కీపర్ దగ్గరో అదృష్టం దగ్గరో ఉంది, డిఫెన్స్‌ని ఊరికే తిట్టొద్దు. రెండోది, గోల్ పడిన నిమిషం రాసుకోండి. 2-0 నుంచి 2-3 అయ్యారంటే ఆఖరి ఇరవై నిమిషాల్లో కాళ్లు ఆగిపోయాయేమో చూడాలి. అలసిపోయినవాడికి ఎంత నేర్పినా లైన్ గుర్తుండదు.

ప్రశ్న అడిగినవారు:

రెండు రాత్రులు కూర్చుని ఐదు మ్యాచ్‌లు చూశాను, మొత్తం 14 గోల్స్. ఆరు గోల్స్‌లో మనమే ఎటాక్‌లో ఉండి బాల్ పోగొట్టుకున్నాం, అప్పుడు ఇద్దరు ఫుల్ బ్యాక్‌లూ (రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు) పైనే ఉన్నారు, వెనక ఇద్దరు సెంటర్ బ్యాక్‌లు మాత్రమే మిగిలారు. మూడు కార్నర్లలో, మూడుసార్లూ దగ్గరి పోస్ట్ దగ్గరే, మార్క్ చేయాల్సినవాడు మాత్రం ఒక్కోసారి ఒక్కొక్కడు. మూడు గోల్స్ లాంగ్ బాల్ మన లైన్ వెనక పడడంతో వచ్చినవి, పాస్ ఇచ్చినవాడి దగ్గర మనవాడు ఒక్కడు కూడా లేడు. రెండు మాత్రం నిజంగా మా ఎడమ సెంటర్ బ్యాక్ తప్పులే, కాళ్ల దగ్గరికి వచ్చిన బాల్‌ని ఊరికే పోగొట్టాడు. ఇన్నాళ్లూ అన్నీ ఆ కుర్రాడి మీదే వేశాం, చూస్తుంటే బాధగా ఉంది. అయితే కోచ్‌ని మార్చేయాల్సిందేనా?

జవాబు 3 ఇచ్చినవారు:

తొందరపడకండి. కోచింగ్‌లో లోపం ఉందంటే కోచ్‌ని తీసేయమని కాదు, ముందు ఈ కాగితాలు ఆయన ముందు పెట్టండి. అందరి ఎదుటా వద్దు, ఒంటరిగా ఉన్నప్పుడు చూపించండి. ఆయన "ఔను, ఇది నేను చూసుకోలేదు" అంటే మీ సమస్య సగం తీరింది, వీడియో చూడకుండానే మళ్లీ కుర్రాళ్ల పేర్లు మొదలుపెడితే అప్పుడు వేరే ఆలోచన చేయండి.

లెస్టర్ సంగతి చెప్పండి ఆయనకి. 2015-16 మొదట్లో వాళ్లకి వరసగా గోల్స్ పడుతూనే ఉన్నాయి. సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 5-2తో ఓడాక కోచ్ రనియేరి ఇద్దరు ఫుల్ బ్యాక్‌లనీ మార్చి సింప్సన్, ఫుక్స్‌లని పెట్టారు. ఇద్దరూ పైకి పరుగు తీయడం కన్నా ముందు వెనక చూసుకునేవాళ్లు. అక్టోబర్ 24న క్రిస్టల్ ప్యాలెస్ మీద ఆ సీజన్‌లో మొదటిసారి లీగ్‌లో గోల్ పడకుండా గెలిచారు, ఆఖరికి టైటిలే కొట్టారు. వాళ్లు అప్పటికే టీమ్‌లో ఉన్న ఆటగాళ్లే.

మీ ఆరు గోల్స్‌కి మందు కూడా అక్కడే ఉంది. ఒక ఫుల్ బ్యాక్ పైకి వెళ్తే రెండోవాడు సెంటర్ బ్యాక్‌ల పక్కకి వచ్చి నిలబడాలి, డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ వాళ్ల ముందు ఉండాలి, ఎటాక్ ఎంత ఊపులో ఉన్నా సరే. ప్రాక్టీస్‌లో ఎటాక్ ఆడిస్తూ మధ్యలో విజిల్ వేసి బాల్ అవతలి టీమ్‌కి ఇచ్చేయమనండి, అందరూ ఎక్కడ ఉన్నారో అక్కడే ఆగి లెక్కపెట్టుకోవాలి. మొదటి రోజు ఇద్దరే కనపడతారు వెనక. నాలుగో రోజుకి ఎవరూ చెప్పకుండానే ఉండిపోతారు. కార్నర్‌కి దగ్గరి పోస్ట్ దగ్గర ఒకే మనిషిని ఫిక్స్ చేయండి, ఎవరినైనా సరే, ప్రతి మ్యాచ్‌లో వాడే.

నెల తర్వాత అందరూ ఉండాల్సిన చోట ఉండి కూడా ఒకరికొకరు ఎదురుపడ్డప్పుడు ఓడిపోతుంటే అప్పుడు కొత్త డిఫెండర్‌ని వెతకండి. ఆ ఎడమ సెంటర్ బ్యాక్‌తో మాత్రం ఈ రోజే మాట్లాడండి. పద్నాలుగింట్లో నీవి రెండే అని అంకె చెప్పండి వాడికి.

ప్రశ్న అడిగినవారు:

మాట్లాడాను. కోచ్ సార్ మొదట పది నిమిషాలు ఏమీ అనలేదు, ఆరు గోల్స్ వరసగా చూపించాక ఫోన్ తన చేతిలోకి తీసుకుని మళ్లీ మొదటి నుంచి చూశారు. విజిల్ ప్రాక్టీస్ ఆయనే చేయించారు, మీరన్నట్టే మొదటిసారి వెనక ఇద్దరే ఉన్నారు. నిన్నటి మ్యాచ్ 1-1. పడిన ఒక్క గోల్ మళ్లీ ఎడమ వైపు నుంచే, కానీ ఈసారి కుడి ఫుల్ బ్యాక్ వెనకే ఉన్నాడు, మిడ్‌ఫీల్డర్ మాత్రం బాల్ వైపు లాగేసుకుపోయాడు. 63వ నిమిషం వీడియో పెడుతున్నాను, ఆరో నంబర్ జెర్సీ కుర్రాడు ఆ సమయంలో ఎక్కడ ఉండాల్సిందో చూసి చెప్తారా?