కాలువ అవతల బస్సు, ఇవతల లేఅవుట్: నడిచివెళ్లే కాలనీ ఎలా వేయాలి?

గట్టుమీద:
గోదావరి మధ్య డెల్టాలో 6 ఎకరాల వరిచేను. 3 సెంట్ల చొప్పున 120 ప్లాట్లు అనుకుంటున్నారు. పల్లెవెలుగు తిరిగే రోడ్డు పంట కాలువకి అవతల ఉంది. ఎదురుగా చూస్తే 250 మీటర్లే, ఉన్న వంతెన మీదుగా చుట్టి వస్తే కిలోమీటరున్నర. ఇంటింటికీ బండి కొనక తప్పని కాలనీ కాకూడదు. రాళ్లు పాతకముందే ఏమేం తేల్చుకోవాలి?

వయ్యేరు:
ముందు కాలినడక వంతెన తేల్చండి, ప్లాట్ల గీతలు తర్వాత. స్టాపుకి 400 మీటర్లు దాటితే చంటిబిడ్డతోనో బియ్యం సంచితోనో ఎవరూ నడవరండి, ఆటో పిలుస్తారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగులో ఆడవాళ్లకి ప్రయాణం ఉచితం. బస్సు ఉచితమైనా స్టాపు దాకా ఆటోకి డబ్బులిస్తే ఇక లాభమేముంది?

వంతెనకి కాలువ మధ్యలో స్తంభం వద్దు. గుర్రపుడెక్క అంతా దానికే చుట్టుకుంటుంది, పూడిక తీసే పొక్లెయిన్‌కి కూడా అడ్డం. ఒకే స్పాన్‌లో గట్టు నుంచి గట్టుకి పడాలి, దూలం అడుగుభాగం నిండు నీటిమట్టానికి పైనే ఉండాలి. ఇరిగేషన్ వాళ్ల అనుమతి లేకుండా గట్టు మీద గునపం వేయకూడదు. పునాది పని కాలువలకి నీళ్లు ఆపేసినప్పుడే అవుతుంది, అంటే మామూలుగా ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మొదటి దాకా. సంక్రాంతికి డ్రాయింగులు చేతిలో లేకపోతే ఆ ఏడాది పోయినట్టే.

మెట్లు మాత్రం కట్టనివ్వకండి. మెట్లు కడితే సైకిళ్లూ, చక్రాల కుర్చీలూ, కూరగాయల తోపుడుబళ్లూ మళ్లీ పాత దారే పడతాయి. చక్రాల కుర్చీకి వాలు 12కి 1 కన్నా నిటారుగా ఉండకూడదు, బరువున్న సైకిలుకి 20కి 1 అయితే హాయి. 1.2 మీటర్లు ఎక్కాలంటే 20కి 1 లెక్కన 24 మీటర్ల ర్యాంపు. అంత చోటు ఎదురుగా దొరకదు, గట్టు వెంబడి తిప్పాలి. ఆ జాగా ప్లానులో ఇప్పుడే వదలండి.

పల్లెవెలుగు_సీటు:
వంతెన వెడల్పు 2.5 మీటర్లు చాలు. కానీ రెండు కొసలా స్తంభాలు పాతకపోతే మూడోరోజుకే ఆటోలు ఎక్కుతాయి. ఆటో వెడల్పు సుమారు 1.3 మీటర్లు కాబట్టి స్తంభాల మధ్య సందు 1.2 మీటర్లకి మించకూడదు. కుర్చీ, సైకిలు పడతాయి. మోటారు సైకిళ్లూ పడతాయి, వాటిని ఆపడం మన తరం కాదు.

బస్సుని కాలనీలోకి రప్పించాలని పట్టుపట్టకండి. 120 ఇళ్ల కోసం డిపో వాళ్లు రూటు తిప్పరు. పైగా బస్సు వెనక్కి తిరగాలంటే పాతిక మీటర్ల వలయం కావాలి, అది దాదాపు 12 సెంట్లు. వంతెన దిగే చోటే స్టాపు అడగండి. గ్రామసభ తీర్మానంతో డిపో మేనేజరుకి అర్జీ పెట్టాలి. రోడ్డు పక్కకి తవ్వి బస్ బే కట్టడం ఇంత చిన్న రోడ్డుకి దండగ, నాలుగు రోజుల్లో టిఫిన్ బండి వస్తుంది.

నక్షా:
గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పుస్తకం) తెప్పించి పుంతలు చూడండి. చాలా ఊళ్లలో బడికీ, రేవుకీ పోయే పాత బళ్లదారి కాగితం మీద బతికే ఉంటుంది, నేల మీద చేలో కలిసిపోయి ఉంటుంది. అది ప్రభుత్వ భూమే, సర్వే చేయించి తెరిపిస్తే స్థలం కొనక్కర్లేదు. 5వ తరగతి దాకా బడి కిలోమీటరు లోపు ఉండాలని విద్యాహక్కు నిబంధన. ఆ కిలోమీటరు పుంత మీదుగా కొలిస్తే ఎంతో, తారు రోడ్డు మీదుగా కొలిస్తే ఎంతో రెండూ రాసిపెట్టుకోండి.

గట్టుమీద:
పుంత ఉందండి, సగం కొబ్బరితోట కింద! మెరక సంగతి చెప్పండి. మీటరు ఎత్తమంటున్నారు.

మెరక_లెక్క:
6 ఎకరాలకి మీటరు మెరక అంటే గట్టిపడ్డాక 24 వేల ఘనపు మీటర్లు, తోలాల్సింది 30 వేల దాకా. అన్ని టిప్పర్లు తిరిగితే ఊరి రోడ్డు మిగలదు, దాని మరమ్మతు ఒప్పందంలోనే రాయించండి. 20 సెంటీమీటర్ల పొరలుగా పోసి, తడిపి, రోలరు తిప్పాలి. ఒకేసారి కుమ్మరిస్తే పైన గట్టిగా కనబడి కింద బంకమట్టి కుంగుతుంది.

అందుకే నడకదారులకి వెంటనే సీసీ పోయకండి. మొదటి రెండు వానాకాలాలు 60 మిల్లీమీటర్ల పేవర్లు పరిస్తే, కుంగిన చోట లేపి ఇసుక సర్ది మళ్లీ వేయొచ్చు. సీసీ పగిలితే పగిలినట్టే.

మురుగే అసలు తలనొప్పి. 500కి 1 వాలు ఇవ్వాలన్నా 300 మీటర్ల కాలువకి 60 సెంటీమీటర్ల దింపు కావాలి. డెల్టాలో ఆ దింపు ఉండదు. పొడవైన ఒక్క కాలువ బదులు రెండు వైపులకీ పొట్టి కాలువలు తీయండి. చివర తూముకి తలుపు పెట్టకపోతే అది కలిసే పెద్ద డ్రెయిన్ పొంగినప్పుడు నీరు వెనక్కి తన్నుతుంది. కాలువ మీద బిళ్లలు పరిస్తే అదే నడకదారి. బిళ్ల ఇద్దరు లేపగలిగేంత ఉండాలి, లేకపోతే పూడిక తీయరు.

కానుగ:
నడకదారికి నీడ కావాలి, అలాగని కొబ్బరి వద్దు, కాయ నెత్తిన పడుతుంది. నిద్రగన్నేరు కొమ్మలు తుపానుకి విరుగుతాయి. కానుగ నీటి ముంపుని ఓర్చుకుంటుంది.

లంకదారి:
మీ చేను ఏటిగట్టుకి ఊరివైపా, గోదారివైపా? గోదారివైపు లంకలో అయితే పైన రాసినవన్నీ పక్కన పెట్టండి. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగుల మూడో వరద హెచ్చరిక వస్తే కాజ్‌వేలు మునిగి పడవే గతి. అక్కడ కొత్త కాలనీ వేయడమే తప్పు.

గట్టుమీద:
ఊరివైపేనండి. ఒక్కటి మిగిలింది: ఎలక్ట్రిక్ ఆటోలకి చార్జింగు?

వయ్యేరు:
వంతెన మొదట్లో రేకుల షెడ్డు, 15 యాంపుల సాకెట్లు చాలు. ఒక్కో ఆటో 3 కిలోవాట్ల దాకా లాగుతుంది. పది ఒకేసారి పెడితే 30, ట్రాన్స్‌ఫార్మర్ లెక్కలో ఇళ్ల వాడకంతో పాటు ఇదీ కలపమని దరఖాస్తులోనే రాయండి. సాకెట్లు నేలకి మీటరు పైన, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్), విడిగా ఎర్తింగు. మీటరు పంచాయతీ పేరున ఉంటే బిల్లు ఎవరు కడతారో తీర్మానంలో తేల్చండి. అది తేలని చోట ఫ్యూజు పీకేస్తారు.