కాబూల్ నుంచి అమెరికా సేనలు పోయిన తీరు సరైందేనా?

కావలి: గ్రూప్-1 వ్యాసం కోసం. 2021లో ఆఫ్ఘనిస్తాన్ వదలడం సరే, ఎక్కడ చెడింది?

ఒంగోలు: వరసలో చెడింది తమ్ముడూ. ముందు జనాన్ని, తర్వాత సామాను పంపి, చివర్లో స్థావరం వదలాల. వాళ్లు రెండు రన్‌వేల బాగ్రామ్ వైమానిక స్థావరాన్ని జులై మొదట్లోనే ఖాళీ చేశారు. ఆగస్టు 15న కాబూల్ తాలిబాన్ల చేతికి పడేసరికి మిగిలింది కాబూల్ విమానాశ్రయంలోని ఒకే రన్‌వే, అదీ ఊరికి ఆనుకొని. బయట తనిఖీలు తాలిబాన్ల చేతిలో. 26న ఆ విమానాశ్రయం అబ్బే గేట్ దగ్గర పేలిన బాంబుకి 13 మంది అమెరికా సైనికులు పోయారు, ఆఫ్ఘన్లయితే వందకి పైనే.

నెల్లూరు: అయినా 1,20,000 మందికి పైగా తరలించారన్నా, చిన్న పనా? అసలు దెబ్బ అమెరికా కాంట్రాక్టర్లని కూడా వెనక్కి తీసుకుపోవడం. మరమ్మతు చేసేవాళ్లు లేక ఆఫ్ఘన్ విమానాలు మూలపడ్డాయి. సోవియట్లు 1989లో పోయినా డబ్బు, ఆయుధాలు పంపబట్టే అప్పటి ఆఫ్ఘన్ అధ్యక్షుడు నజీబుల్లా 1992 దాకా నిలిచాడు.

ఒంగోలు: అది నిజమే. బాగ్రామ్ ఉంచుకోవాలంటే 5,000 మంది దాకా కావాలని అప్పటి అమెరికా రక్షణ మంత్రి ఆస్టిన్ సెనెట్‌లో చెప్పాడు, అదీ రాయి.