స్ప్రింగ్ ఉన్న రోబో కీలుకి లాక్ కావాలా? కావాలంటే ఎక్కడ?

కీలుబొమ్మ:
ఒక చిన్న రోబో చెయ్యి డిజైన్ చేస్తున్నాను. ఎవరికైనా తగిలినా దెబ్బ మెత్తగా ఉండాలని మోచేతి కీలులో మోటారుకీ లింకుకీ మధ్య స్ప్రింగ్ పెట్టాను. లింకు పొడవు 0.6 మీటర్లు, చివర 2 కిలోల బరువు, స్ప్రింగ్ బిగువు రేడియన్‌కి 100 న్యూటన్ మీటర్లు. చెయ్యి అడ్డంగా చాస్తే కీలు మీద దాదాపు 12 న్యూటన్ మీటర్లు పడుతుంది. దాంతో స్ప్రింగ్ 7 డిగ్రీలు వంగి, చేతి చివర 7 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. ఆ దిగుడు మోటారు సరిచేస్తుంది, కానీ ఊగుడు తగ్గడం లేదు. వస్తువును కచ్చితంగా ఒక చోట పెట్టాల్సినప్పుడు స్ప్రింగ్‌ని బిగించేసే లాక్ ఉంటే బాగుంటుందని నా ఉద్దేశం. మా టీమ్‌లో ఒకాయన మాత్రం లాక్ అంటే దండగ బరువంటున్నారు. మీరేమంటారు?

సర్వోరాజు:
ఆయన చెప్పిందే కరెక్ట్. అసలు స్ప్రింగే తీసేయండి. నెవిల్ హోగన్ 1985లోనే ఇంపీడెన్స్ కంట్రోల్ గురించి, అంటే తోస్తే చెయ్యి ఎంత మెత్తగా లొంగాలో కంట్రోలర్‌తోనే నిర్ణయించడం గురించి రాశారు. కీలులో టార్క్ (తిప్పే బలం) కొలిచే సెన్సర్ పెట్టుకుంటే మెత్తగా కావాలన్నప్పుడు మెత్తగా, గట్టిగా కావాలన్నప్పుడు గట్టిగా కోడ్‌తోనే నడిపించవచ్చు. ఇనుము ఎక్కించేకొద్దీ చెడిపోయే భాగాలు పెరుగుతాయి.

మరమేకు:
రాజుగారూ, దెబ్బ తగిలే క్షణంలో మీ కోడ్ ఇంకా నిద్రలేవదు. 100:1 గేరు ఉందనుకోండి, మోటారు రోటారు జడత్వం లింకు వైపు 10,000 రెట్లు అయి కనిపిస్తుంది. సెన్సర్ చూసి, కంట్రోలర్ లెక్కవేసి, మోటారు వెనక్కి తిరిగేలోపు తగలాల్సింది తగిలేస్తుంది. స్ప్రింగ్ అయితే ఎవరూ చెప్పకుండానే వంగుతుంది. ప్రాట్, విలియమ్సన్ 1995లో ఎంఐటీలో సిరీస్ ఎలాస్టిక్ యాక్చుయేటర్ (మోటారుకీ లోడ్‌కీ మధ్య స్ప్రింగ్ పెట్టే పద్ధతి) తెచ్చినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదొకటి.

ఆ స్ప్రింగ్‌తో వచ్చే తంటా ఏమిటంటే, వేగంగా మారే బలాల ముందు చెయ్యి స్ప్రింగ్‌కంటే గట్టిగా ఉండలేదు, కోడ్ ఎంత బాగా రాసినా సరే. అందుకే లాక్.

పళ్ళచక్రం:
అయితే పళ్ళ క్లచ్ పెట్టేయండి, గొడవ వదిలిపోతుంది. పన్ను పన్నులో కూర్చుంటే జారదు, పట్టుకుని ఉంచడానికి కరెంటూ అక్కర్లేదు.

మరమేకు:
72 పళ్ళుంటే మెట్టుకి 5 డిగ్రీలు. 0.6 మీటర్ల చేతి చివర అది 5 సెంటీమీటర్ల పైమాటే. స్ప్రింగ్ మొత్తం వంగేదే 7 డిగ్రీలు కదా, అందులో లాక్ పడే చోటు ఒకటో రెండో! అదొక్కటే అయితే సర్దుకోవచ్చు. లోడ్ మీద ఉన్నప్పుడు విప్పి చూడండి. పన్నును లాగే సొలినాయిడ్ (కరెంటు అయస్కాంతం) టక్కుటక్కుమంటుంది, పన్ను మాత్రం రాదు. టార్క్ అంతా పంటి పక్క మీదే పడి ఘర్షణతో పట్టేస్తుంది. దాదాపు సున్నాకి దించితే గానీ వదలదు.

కీలుబొమ్మ:
ఇంతకీ లాక్ ఎక్కడ పెట్టాలి? స్ప్రింగ్‌కి సమాంతరంగా, అంటే మోటారు వైపునీ లింకు వైపునీ కలిపి బిగించేలానా, లేక లింకుని నేరుగా కింది ఫ్రేముకి బిగించేలానా?

మరమేకు:
అసలు ప్రశ్న ఇదీ. ఫ్రేముకి బిగిస్తే చెయ్యి ఉన్నచోటే ఉంటుంది, కదలదు. మోటారు ఆపేసుకోవచ్చు, వేడి తగ్గుతుంది. విప్పే ముందు మోటారు తిప్పి స్ప్రింగ్‌లోని టార్క్‌ని లోడ్‌కి సరిపడా మార్చుకోవచ్చు కూడా. కానీ మీకు కావాల్సింది గట్టిగా ఉంటూనే కదిలే చెయ్యి. కాబట్టి సమాంతరమే.

అందులో ఒక చిక్కుంది. 2 కిలోలు మోస్తూ లాక్ వేశారు. వెళ్ళి బల్ల మీద పెట్టి, గ్రిప్పర్ వదిలారు. చెయ్యి ఖాళీ అయింది, స్ప్రింగ్ మాత్రం ఇంకా 7 డిగ్రీలు వంగి, 12 న్యూటన్ మీటర్లతో అలాగే బిగుసుకుని ఉంది. మోటారు తిప్పినా లాభం లేదు, రెండు వైపులూ కలిసే తిరుగుతాయి. ఇప్పుడు లాక్ ఠక్కున విప్పితే చేతి చివర పైకి ఎగురుతుంది. ఉన్న శక్తి 0.7 జౌలే, కానీ ముఖం దగ్గరగా పెట్టి చూస్తున్నవాడికి అది చాలు. పళ్ళ క్లచ్ అయితే పూర్తిగా పట్టడమో, పూర్తిగా వదలడమో, మధ్యే మార్గం లేదు. ఘర్షణ లాక్ అయితే మెల్లగా జారనివ్వచ్చు.

పొరలబాబు:
ఘర్షణ అంటే నా పార్టీ వచ్చినట్టే! వాక్యూమ్ జామింగ్ చూడండి. కాఫీ పొడి నింపిన రబ్బరు బుడగలోంచి గాలి లాగేస్తే గట్టిపడి వస్తువును పట్టుకునే గ్రిప్పర్ 2010లో వచ్చింది. కార్నెల్, షికాగో విశ్వవిద్యాలయాలవాళ్ళూ ఐరోబోవాళ్ళూ కలిసి చేశారు. పొరలతో చేస్తే ఇంకా బాగుంటుంది. 10 పల్చటి పొరలు విడిగా జారుతున్నప్పటికంటే, అతుక్కుని ఒకే పట్టీలా పనిచేస్తే వంగడానికి 100 రెట్లు గట్టిపడతాయి.

మరమేకు:
బాబూ, ఆ 100 రెట్లు పొరలు జారడం మొదలయ్యేవరకే. పైగా అది వంగే పట్టీ లెక్క. తిరిగే కీలుకి రాసుకునే ముఖాల సంఖ్య ముఖ్యం. 2 నుంచి 4 సెంటీమీటర్ల వ్యాసార్థం మధ్య ఉండే రింగు డిస్కులు తీసుకోండి. వాతావరణ పీడనం దాటి వాక్యూమ్ నొక్కలేదు, పంపు 80 కిలోపాస్కల్ ఇస్తుందనుకుందాం. డిస్కుల్ని నొక్కే బలం 300 న్యూటన్లు. ఘర్షణ గుణకం 0.35, ముఖాలు 8 అయితే 25 న్యూటన్ మీటర్లు పడుతుంది. అంటే రెట్టింపు మార్జిన్. 8 సెంటీమీటర్ల డబ్బాలో సరిపోతుంది, ఐడియా బానే ఉంది.

పళ్ళచక్రం:
ట్యూబు లీకైతే?

పొరలబాబు:
లాక్ ఊడుతుంది, స్ప్రింగ్ మెత్తబడుతుంది. నాకైతే అదే కావాలి. మోటారు షాఫ్ట్ మీద కరెంటు పోతే మూసుకునే మామూలు బ్రేక్ ఎలాగూ ఉంటుంది కదా, చెయ్యి పడిపోదు. మధ్యలో ఎవరి చెయ్యైనా ఇరుక్కుంటే 10 సెంటీమీటర్లు నెట్టడానికి 28 న్యూటన్లు చాలు, 3 కిలోల బలం కూడా అక్కర్లేదు. లాక్ మూసుకునే ఉంటే ఆ మనిషి గతేం కాను?

సర్వోరాజు:
నాదొక మాట. మెల్లగా జారనిస్తే ఎగరడం ఉండదు సరే, కానీ చేతి చివర మెల్లగానైనా 7 సెంటీమీటర్లు పైకి వస్తుంది. అది రాకూడదంటే లాక్ ఎంత జారుతోందో మోటారు అంతే వెనక్కి తిరగాలి. దానికి రెండు వైపులా కోణం కొలిచే ఎన్‌కోడర్లు, వాక్యూమ్ వాల్వ్ మీద కంట్రోలు కావాలి. చివరికి కోడ్ దగ్గరికే వచ్చారుగా!

మరమేకు:
వచ్చాం, ఒప్పుకుంటా. అయితే మీ కోడ్‌కి ఆ జారుడు చిక్కాలి కదా. నిలిచి ఉన్నప్పటి ఘర్షణ, కదిలేటప్పటి ఘర్షణకంటే ఎక్కువ. అందుకని పట్టి వదులుతూ గిజగిజలాడుతుంది. ఆ తేడా తక్కువగా ఉండేది టెఫ్లాన్ లాంటి వాటిలో. వాటి గుణకం 0.1 అనుకోండి, అదే 25 కోసం 8 ముఖాలు కాస్తా 28 అవుతాయి.

కీలుబొమ్మ:
28 అంటే కీలు మరీ మందమైపోతుంది. ఆ రెట్టింపు మార్జిన్ తీసేస్తే? ఎక్కువ లోడ్ పడితే లాక్ జారడం కూడా ఒక రకం భద్రతేగా. 14 ముఖాలతో సరిపెడతాను.

మరమేకు:
12 మోసే కీలుకి 12 పట్టే లాక్ పెడితే చెయ్యి ఆగిన ప్రతిసారీ జారుతుంది. కనీసం 16 న్యూటన్ మీటర్లు ఉండనివ్వండి, 18 ముఖాలవుతాయి. డిస్కులు పల్చగా కోయించుకోండి.