అప్‌డేట్: నాన్నగారి చెవి మిషన్ సాయంత్రానికి మూగబోయే సమస్య తీరింది

మూడు వారాల కిందట ఇక్కడే అడిగాను. నాన్నగారి కొత్త చెవి మిషన్లలో కుడివైపుది పొద్దున బాగానే పనిచేసి, ఆర్కే బీచ్‌లో నడిచి ఇంటికొచ్చేసరికి మూగబోతోందని. సలహాలు ఇచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు బ్యాటరీది కాదు. 312 సైజువి రెండు ప్యాకెట్లు అనవసరంగా తగలేశాను. బ్యాటరీ మీది స్టిక్కర్ తీశాక గాలి తగిలేలా నాలుగైదు నిమిషాలు ఆగి పెట్టాలని ఒకరు చెప్పారు చూడండి, అది మాత్రం నిజమే. ఫోన్ యాప్‌లో సెట్టింగులు గెలకడం కూడా దండగ పనే.

అసలు సంగతి ఆడియాలజిస్టు (వినికిడి నిపుణులు) భూతద్దంలో చూపించారు. చెవిలోకి వెళ్లే స్పీకర్ చివర బియ్యపుగింజంత కూడా ఉండని తెల్ల ఫిల్టరు ఒకటి ఉంటుంది. అది గులిమితో, చెమటతో మూసుకుపోయింది. కొత్తది వేయగానే మాట వినబడింది. మన విశాఖ తేమకి రోజూ రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, తేమ పీల్చే సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెట్టమన్నారు. ఇక్కడ ఇద్దరు చెప్పిందీ అదే, నేనే పట్టించుకోలేదు. బియ్యం డబ్బాలో పెట్టే చిట్కా మాత్రం వద్దన్నారు, దుమ్ము లోపలికి పోతుందట.

పది రోజులైంది, మళ్లీ ఆగలేదు. ఫిల్టరు మార్చడం నేనే నేర్చుకున్నాను, రెండు నిమిషాల పని.

కుక్కర్ విజిల్‌కి ఉలిక్కిపడటం మాత్రం ఇంకా తగ్గలేదు. దానికి అలవాటు పడాలి అన్నారు. నాన్నగారి కొత్త కంప్లైంట్: "మన ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేంరా?"