సమస్య: మరకు నేడు పడెను మరణశిక్ష

సంచాలకుడు: రాత్రి కరెంటు పోయింది, ఇన్వర్టరూ మొరాయించింది. దాన్ని తిడుతుంటే ఈ పాదం నోట్లోకొచ్చింది. కాలం 2090. నెల్లూరు సెషన్స్ కోర్టు. బోనులో మర, అంటే మన రోబో. ఇది ఆటవెలది చివరి పాదం; నేరమేమిటో ముందు మూడు పాదాలు రాసి మీరే తేల్చండి.

మరకు నేడు పడెను మరణశిక్ష

కావలి మాస్టారు:
చేప పులుసునందు చింతపండును వేసి
మావికాయ వేయ మఱచిపోయె
జడ్జిగారి యూరు సాక్షాత్తు నెల్లూరు
మరకు నేడు పడెను మరణశిక్ష

ఉదయగిరి అత్తయ్య: ఆ ‘సాక్షాత్తు’ దగ్గర నవ్వుతూ కూర్చున్నాను, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. మామిడికాయ లేని పులుసుకు ఉరి తక్కువే. అయినా మాస్టారూ, అది కార్తీకమాసం అయితే రోబో మాత్రం పుల్ల మామిడి ఎక్కడ తెచ్చేది?

ఒంగోలు వకీలు: పులుసు బాగానే ఉంది. పాదం మొదటి ‘జ’కు నడుమ ‘సా’తో అక్షరమైత్రి, అదే యతి, ఏ సెక్షన్ కింద చెల్లిందో? పైగా సెషన్స్ కోర్టు మరణశిక్ష వేస్తే హైకోర్టు ఖాయం చేయాలి. మీ జడ్జి అన్నం ముందు నుంచి లేవకుండానే తీర్పు చెప్పినట్టున్నాడు.

కావలి మాస్టారు: చ, జ, శ, ష, స ఒకదానికొకటి యతి చెల్లుతాయి వకీలు గారూ, తొమ్మిదో తరగతి పిల్లలనడిగినా చెబుతారు. శిక్ష ‘పడెను’ అన్నారు, ‘అమలాయెను’ అనలేదు. ఇంతకీ మీ పూరణ ఏదీ?

ఒంగోలు వకీలు:
కందుకూరు కోర్టు గదిలోన రోబోటు
పాత జిల్లా యేదొ పలుకదాయె
రెండు చోట్ల దొరికె రేషను కార్డులు
మరకు నేడు పడెను మరణశిక్ష

సంచాలకుడు: రోబోకు రేషను కార్డా! కందుకూరు 1970లో ఒంగోలు వైపు వెళ్ళి, 2022లో మళ్ళీ నెల్లూరుకొచ్చింది. పాపం, మనుషులకే గుర్తుండదు.

కావలి మాస్టారు: అదంతా సరే, ‘జిల్లా’ రెండు గురువులు. గురువు తర్వాత లఘువో, మూడు లఘువులో ఉండాల్సిన సూర్యగణం ఎట్లా అయింది? ‘జిల్ల యేదొ’ అనుంటే గట్టెక్కేది. పోయిన నెల పూరణలో రోబో చేత ఒంగోలు గిత్తకు పాలు పితికించిన వారికి ఒక మాత్ర ఎక్కువైతే లెక్కా!

ఒంగోలు వకీలు: అది శ్లేష అని అప్పుడే చెప్పాను.

కావలి మాస్టారు: శ్లేషకు పాలు రావు గదండీ. ఆ గిత్తనూ బ్రెజిల్ వాళ్ళు ‘నెలోర్’ అనే పిలుస్తారు, మా ఊరి పేరుతో.

ఒంగోలు వకీలు: 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉంది కాబట్టి ఆ పేరు. పేరు మీది, గిత్త మాది.

దర్శి రైతు: మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి సార్.
మందు జల్లె మిరప మళ్లలో రోబోటు
ఆకుముడుత తీరె నంతలోనె
పైరు తినెడి పురుగు పాపిష్టిదైన తా
మరకు నేడు పడెను మరణశిక్ష

సంచాలకుడు: ఆహా! ఒక్క ‘తా’ను మూడో పాదం చివర వేలాడదీసి నా ‘మర’ను ‘తామర’ పురుగు చేసి సమస్యనే ఎత్తుకెళ్ళారు. నేను రోబోను బోనులో నిలబెడితే మీరు తలారిని చేశారు.

ఒంగోలు వకీలు: విరుపు బాగుంది. కానీ ‘రోబోటు’ తర్వాత ‘ఆకు’ సంధి కలవక విసంధి. ‘రోబోటె / యాకుముడుత’ అంటే పోతుంది.

కావలి మాస్టారు: ఈ ఒక్కదాంట్లో వకీలు గారితో ఏకీభవిస్తున్నాను, తేదీ రాసి పెట్టుకోండి. ఇంకొకటి, మిరపకు మళ్ళేమిటి నాయనా? చేను గదా. యతి కోసం వరి మడిలో మిరప వేశావు.

దర్శి రైతు: నిజమే సార్, ‘మందు’కు ‘మ’ కావాల్సి వచ్చింది. 2021లో మా చేలో పూత కోసి తెల్ల కాగితం మీద దులిపితే, నల్ల తామర పురుగులు మిరియాల పొడి చల్లినట్టు రాలేవి. నాలుగు రకాల మందులు కొట్టినా లొంగలేదు. పద్యంలోనన్నా చావనియ్యండి.

కావలి మాస్టారు: చావనీ నాయనా. ‘మళ్లలో’ మాత్రం మార్చు.